ఉత్తరంలో రాయని కల్లం

ఆమె చనిపోయిందని నాకెవరూ చెప్పలేదు. మా వీధికీ వాళ్ళ పల్లెకీ మధ్య ఉన్నది ఒక్క తారురోడ్డు, దాని మీద మార్టూరు వైపు పోయే రాయి లారీలు. ఆ రోడ్డు దాటి ఎవరైనా ఒక మాట చెప్పి ఉండొచ్చు. పన్నెండు రోజుల తరవాత అద్దంకిలో ప్రింటింగు ప్రెస్సుకి నా పని మీద వెళితే, బల్ల మీద కట్టలు కట్టి పెట్టిన కార్డుల్లో ఆమె ఫొటో కనపడింది. పైన 'ప్రభువునందు నిద్రించిరి' అనీ, కింద ఆదరణ కూడిక జరిగే రోజూ ఉన్నాయి. ఒక కార్డు ఇమ్మంటే ప్రెస్సతను, "వాళ్ళిస్తే తీసుకోండి సార్, నేనెట్టా ఇస్తాను?" అన్నాడు. అదీ నిజమే. అయినా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అర్థమైంది. నాకు కార్డు రాదు. రాకూడదు కూడా.

నన్ను ఎవరేమన్నా నేను మర్చిపోను. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసినన్నాళ్ళూ ఏ ప్రెసిడెంటు ఏమన్నాడో ఇప్పటికీ చెప్పగలను. కరెంటోళ్ళ మీద, బస్సు ఆపని డ్రైవర్ల మీద, మొలకెత్తని మిరప విత్తనాలు అమ్మిన కొట్టు మీద నేను రాసిన అర్జీల నకళ్ళు బీరువాలో ఉన్నాయి. చాలావాటిలో న్యాయం నా వైపే ఉంది. ఊళ్ళో నన్ను రైటరు గారు అంటారు. ఆ అర్జీల వల్ల కొంత, పిల్లల కోసం రాసిన మూడు పుస్తకాల వల్ల కొంత. ఆమె మీద నేను రాసింది ఒక్కటే ఉత్తరం. దాని నకలు మాత్రం దాచుకోలేదు.

పిల్లలు ఆమెను పుల్ల టీచరమ్మ అనేవాళ్ళు. ఉద్యోగం చేసే టీచరు కాదు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు చెప్పేది. మిగతా రోజులు కూలి. వానాకాలం పత్తిలో కలుపు, చలికాలం పత్తి తీత, ఎండలు ముదిరేసరికి మిరపకోత, ఆ తరవాత కల్లాల్లో ఎండిన కాయకి తొడిమలు తీయడం. పొట్టి మనిషి. నెత్తిన తువ్వాలు, చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. చేతిలో గీకి నున్నగా చేసిన పత్తికట్టె. దానితో పుస్తకంలో బొమ్మలు చూపించేది కాబట్టి ఆ పేరు. భుజానికి వేలాడే సంచి పురుగుమందుల కొట్టువాళ్ళు ఊరికే పంచింది. దాన్ని విప్పి, లోపలివైపు బయటికి తిప్పి మళ్ళీ కుట్టుకుంది. ఎందుకట్టా అంటే, "బొమ్మల పుస్తకాలు పెట్టే సంచి మీద ఆ మందు డబ్బా బొమ్మ ఎందుకండీ," అంది.

ఆ పుస్తకాలు హైదరాబాదు నుంచి వచ్చేవి. పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థవాళ్ళు కొత్తగా అచ్చయిన బొమ్మల పుస్తకాలూ పెద్దపిల్లలు చదివే కథలూ మూడు నెలలకోసారి పార్సిలు పంపేవాళ్ళు. వాటిని పిల్లలకు చదివి, ఏది ఎట్లా నచ్చిందో రాసి పంపాలి. అదొక్కటే షరతు. ఊళ్ళో కమిటీ అని ముగ్గురం ఉండేవాళ్ళం. రిటైరైన హెడ్మాస్టరు గారు, నేను, చదివి వినిపించే మనిషిగా ఆమె. చదవడానికి నన్ను పెడతారనుకున్నాను. ముందు హెడ్మాస్టరు గారి నోట ఆమె పేరే వచ్చింది. నా వైపు ఒకసారి చూసి అయినా ఉండొచ్చు. చూడలేదు.

ఆమె పుస్తకాన్ని ఒళ్ళో పిల్లల వైపుకి తిప్పి పెట్టుకునేది. అంటే అక్షరాలు ఆమెకు తలకిందులు. అయినా తడుముకోకుండా చదివేది. ఎట్లా నేర్చుకున్నావని హెడ్మాస్టరు గారు అడిగితే నవ్వింది. "చర్చిలో ఉన్నది ఒకటే బొమ్మల పుస్తకం సార్, ముప్పైమంది పిల్లకాయలు. వాళ్ళకి తిన్నగా ఉండాలంటే నాకు తిరగబడాల గదా."

కొత్త పుస్తకం తీసినప్పుడు మొదట అక్షరాల జోలికి పోయేది కాదు. వాటి మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఏం జరగతందిరా ఇక్కడ?" అనేది. ఒకడు వాన పడుతోందనేవాడు. ఇంకొకతె కాదు, ఏనుగు తొండంతో నీళ్ళు చల్లుతోందనేది. అన్ని పేజీలూ అట్లా అయ్యాక చెయ్యి తీసి, "ఇప్పుడు ఈ రాసినాయన ఏమంటన్నాడో చూద్దాం," అని చదివేది. పిల్లలు చెప్పినదాని కంటే రాసినాయన చెప్పింది తక్కువగా ఉంటే పుస్తకం మూసేసి, "పోన్లే, పాపం ఆయనకి అంతే కనపడింది," అనేది.

పెద్దపిల్లల కథలు తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా వినేవాళ్ళు. సైకిలు కోసం ఇంట్లో పోట్లాడే అమ్మాయి కథ ఒకటి వచ్చింది. సగంలో ఆపితే ఒక ముసలామె చేతిలో కాయలు కింద పడేసి అరిచింది.

"ఏమే, ఆ పిల్ల నాయన ఒప్పుకున్నాడా లేదా? అది చెప్పి పో!"

"రేపు పెద్దమ్మా."

"రేపు నేను పక్కూరి కల్లానికి పోతన్నానే!"

"అయితే ఆడికే వస్తాలే."

వెళ్ళింది కూడా. పూట కూలి పోగొట్టుకుని రెండు మైళ్ళు నడిచి వెళ్ళి, ఆ పిల్ల నాన్న ఒప్పుకున్నాడని చెప్పి వచ్చింది.

ఇక ఆమె నివేదిక తయారుచేసే తీరు. చదవడం మొదలుపెట్టే ముందు, ముందు వరస పిల్లల కాలివేళ్ళ దగ్గర దుమ్ములో కట్టెతో ఒక గీత గీసేది. కథ అయ్యాక వాళ్ళు గీత దాటి ఎంత ముందుకొచ్చారో కొలిచేది. కావాలని జరిగితే ఊరుకునేది కాదు. "నువ్వు కథకి జరగలేదురా, నన్ను చూసి జరిగావు. ఎనక్కి పో." చప్పట్లు ఎవరైనా కొడతారు సార్, పిర్రలు అబద్ధం చెప్పవు, అనేది.

మూడో పార్సిల్లో నా పుస్తకం వచ్చింది. తల్లి మాట వినకుండా పత్తిచేలోకి పోయిన మేకపిల్ల కథ. పదహారు పేజీలే, కానీ రెండేళ్ళు దాని మీద కూర్చున్నాను. నెల తరవాత స్కూలు వరండాలో కమిటీ సమావేశం. పదిమంది తల్లిదండ్రులు కూడా వచ్చారు. ఆమె లేచి కాగితం చదివింది.

"ఏనుగు పుస్తకం, మూరెడు. వాన పుస్తకం, జానెడు. సైకిలు పిల్ల కథ మూడు రోజులు చదివా, మూర మీద బెత్తెడు. రైటరు గారి మేకపిల్ల..." ఆగి నా వైపు చూసింది. "గీత మీదే ఉన్నారండి."

ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"అల్లరి చేసుంటారు," అన్నాను.

"లేదండి, బుద్ధిగా కూర్చున్నారు. అదే గదా ఇబ్బంది." ఈసారి అందరూ నవ్వారు. "మేకపిల్ల పరిగెత్తినంతసేపూ బాగుందండి. ఆఖర్న నిలబడి నీతులు చెప్తది చూడండి, అక్కడ మావోళ్ళు ఆవలించారు. ఈసారి ఆ పేజీ వదిలేసి చదువుతా. మీరేం అనుకోమాకండి."

నేను అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదని అప్పుడే తెలుసు. ఎత్తిపొడుపు ఉంటే తిరిగి ఒక మాట అని ఊరుకునేవాణ్ణేమో.

అవి మిరపకాయ కల్లాల మీదున్న రోజులు. పిల్లలు తల్లుల వెంట అక్కడే ఉంటారు. కాయలతోనే ఆడతారు, తొడిమలు కూడా తీస్తారు. మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె పని ఆపి, చేతులకు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో రెండుసార్లు కడిగి, అప్పుడు సంచి తెరిచేది. ఒకరోజు మా బావమరిది కల్లానికి వెళ్ళి చూశాను. టార్పాలిన్ నీడన పదిహేనుమంది పిల్లలు. ఐదేళ్ళ పిల్ల ఒకతె బొమ్మలో పిట్టని ముట్టుకోబోయింది. ఆమె కట్టెతో ఆ చేతి మీద టక్కున తట్టింది.

"చెయ్యి తియ్! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? కళ్ళతో చూడు."

ఆ పిల్ల చెయ్యి ఒళ్ళో దాచుకుంది. పక్కనున్నవాడు వంగితే వాడికీ అంతే.

ఇక్కడ పుట్టినవాళ్ళకు ఇందులో తెలియనిది ఏమీ లేదు. మిరపకాయ పట్టుకున్న చేత్తో పేజీ పట్టుకుంటే ఆ ఘాటు కాగితానికి అంటుకుంటుంది. మర్నాడు ఇంకో పిల్ల ఆ పేజీ తిప్పి కళ్ళు నులుముకుంటుంది. కాయ వచ్చే రోజుల్లో నేను కల్లం నుంచి వస్తే మా ఆవిడ తువ్వాలు కూడా ముట్టుకోనివ్వదు. ఆ రోజు అక్కడ నిలబడి చూస్తున్నప్పుడు కూడా నాకు తెలుసు.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంస్థకు ఉత్తరం రాశాను. పుస్తకాలు చదివే ఆమె పిల్లలను పుస్తకాలు ముట్టుకోనివ్వడం లేదనీ, ముట్టుకుంటే కట్టెతో కొడుతోందనీ, పేద పిల్లలను అంటరానివాళ్ళలా చూడడం మీ ఆశయాలకు తగునా అనీ. తట్టడాన్ని కొట్టడమని రాయడం ఒక్కటే అందులో అబద్ధమని నాకు నేను చెప్పుకున్నాను. కల్లం అనే మాట రాయలేదు. మిరప అనే మాట రాయలేదు. అవి రాస్తే ఉత్తరం నిలబడదని తెలిసే వదిలేశాను. అంటరానివాళ్ళు అనే మాట ఎవరి మీద వాడానో కూడా తెలుసు. వాళ్ళ నాయన కాలంలో మా వీధి బావి దగ్గర ఎవరు ఎవరిని ముట్టుకోనివ్వలేదో మా ఇంట్లో వినే పెరిగాను. కింద నా పేరు పెట్టలేదు. 'ఒక బాలసాహిత్యాభిమాని' అని పెట్టాను.

పది రోజులకి ఆమె మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"రైటరు గారూ, ఒక కాయితం రాసిపెట్టాలండి."

సంస్థవాళ్ళు సంజాయిషీ అడిగారు. నా వాక్యాలన్నీ ఆ ఉత్తరంలో దింపారు. "ఎవరో కంప్లయింటు పెట్టారంట. నాకు చదవటం వచ్చు గానీ ఆఫీసోళ్ళకి రాయటం రాదు. మీరైతే గట్టిగా రాస్తారు," అంది.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. లోపలికి రమ్మని కుర్చీ చూపించాను. బల్లకి అటు ఆమె, ఇటు నేను. మా ఆవిడ మజ్జిగ ఇచ్చి వెళ్ళింది.

"ముందు కల్లం సంగతి రాయండి. మిరపకాయ చేతులని."

"అంత వివరం అక్కర్లేదమ్మా. చిన్నగా ఉంటేనే చదువుతారు."

"హైదరాబాదోళ్ళకి తెలవదేమో సార్."

"నేను రాస్తున్నాగా."

నాలుగు వరసలు రాశాను. ఆమె కళ్ళు నా కలం వెంట వస్తున్నాయని నాకు తట్టలేదు.

"'క్షమించగలరు' అన్నారేందండీ? నేను తప్పు చేయలా గదా."

కలం ఆగిపోయింది. "అది మర్యాదకి రాసే మాట. ఆఫీసు ఉత్తరాల్లో అట్టాగే ఉంటుంది."

"'ఇకమీదట ఇట్లు జరగదు' అనేది కూడానా?"

"అదీ అంతే."

గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది. "నేనెందుకు ముట్టుకోనివ్వనో మీకు తెలుసు గదండీ," అంది.

"తెలుసు," అన్నాను.

"అయితే సరే." కాగితం తన వైపు తిప్పుకుని సంతకం చేసింది. లేస్తూ, "ఆ అంటరానివాళ్ళు అని రాసినోళ్ళు, మా పిల్లకాయల మీద జాలితోనే రాశారంటారా?" అని అడిగింది. ఏమో అన్నాను. పెరట్లో కుళాయి దగ్గరికి పోయి, తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళింది. మా ఆవిడ వద్దనలేదు. నేనూ అనలేదు.

తప్పు ఒప్పుకున్నందుకు సంతోషమని సంస్థ జవాబు రాసింది. చదివే పని డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయికి ఇచ్చారు. పుస్తకాలు పిల్లల చేతికే ఇవ్వాలని ఆ అమ్మాయికి చెప్పారు, ఆ అమ్మాయి ఇచ్చింది. వారం తిరక్కుండానే ఒక చిన్నపిల్ల కళ్ళు మంటలెత్తి పొద్దుగూకేదాకా ఏడ్చింది. "మాకొద్దు తల్లీ ఈ కారం పుస్తకాలు," అని తల్లులు అన్నీ తెచ్చి స్కూలు వరండాలో పడేశారు. పార్సిళ్ళు ఆగిపోయాయి. ఆ పిల్ల పట్టుకున్నది ఏ పుస్తకమో నేను అడగలేదు. మీది కాదులెండి అని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

మరుసటి ఏడు ఆమెను ఇంకొక్కసారి దగ్గర నుంచి చూశాను. కల్లంలో బస్తాల వెనక నిలబడ్డాను, ఆమెకు కనపడలేదు. పిల్లలు చుట్టూ ఉన్నారు. ఒళ్ళో పుస్తకం లేదు. కాయల తొడిమలు తీస్తూనే చెబుతోంది. మధ్యలో చెయ్యి ఎత్తి, గాలిలో పేజీ తిప్పినట్టు తిప్పి, కాసేపు ఆగుతోంది. పిల్లలు ఆ ఖాళీ వైపే చూస్తున్నారు. బొమ్మ చూసుకునేంత సమయం ఇచ్చి మళ్ళీ అందుకుంటోంది. కాసేపటికి తెలిసింది, ఆమె చెబుతున్నది నా మేకపిల్ల కథ. మాటకి మాట నాదే. మేకపిల్ల పత్తి వరసల మధ్య పరుగెత్తి, తల్లి అరుపు విని, వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఆపేసింది. ఒక పిల్లాడు, "తరవాత?" అన్నాడు. "తరవాత నువ్వే చెప్పు," అంది.

అప్పుడు ముందుకెళ్ళి పలకరించి ఉండొచ్చు. నా ఆఖరి పేజీ తీసేసిందన్న కోపంతో వెనక్కి వచ్చేశాను. ఈ మాట రాయడానికి నాకు ఇష్టంగా లేదు. కానీ అట్లాగే జరిగింది.

ఆదరణ కూడికకు కార్డు లేకుండానే వెళ్ళాను. చర్చి పక్కన షామియానా కింద ఆఖరి వరసలో కూర్చున్నాను. ప్రార్థన అయ్యి అందరూ భోజనాలకు లేస్తుంటే ఆమె కూతురు నా దగ్గరికొచ్చింది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది.

"వచ్చారాండీ."

"కార్డు ఇవ్వలేదు గదమ్మా," అన్నాను. నోట్లో నుంచి అదే వచ్చింది.

"ఇవ్వలేదండి. కావాలనే."

కుర్చీలు జరుపుతున్న చప్పుడు. ఇంక ఆలస్యం చేస్తే చెప్పలేనని, "అమ్మ మీద ఆ ఉత్తరం రాసింది నేనే," అన్నాను.

"ఏ ఉత్తరం? రెండూ మీరేగా రాసింది."

"అమ్మకి తెలుసా?"

"మీ ఇంట్లో బల్ల దగ్గరే తెలిసిందంట. కల్లం అని రాయమని నోటితో చెప్తంటే రాయని ఆయన, మొదట కూడా ఆ మాట వదిలేసే రాసుంటాడు అంది."

"మరి సంతకం ఎందుకు చేసింది?"

"మీ గడప ఎక్కి అడిగి రాయించుకుని, మీ ఎదురుగా చించేసి ఎట్టా వస్తదండీ? నేనైతే చించేదాన్ని." కళ్ళు తుడుచుకోలేదు, తిప్పుకోనూ లేదు. "పైగా, ఆయన పిల్లలకి రాసే మనిషి, నాలుగు రోజులు పోతే మనసు ఆగక తనే ఇంకోటి రాస్తాడులే అంది. చాన్నాళ్ళు చూసింది. పార్సిలు ఏమన్నా వచ్చిందా అని పోస్టతన్ని అడిగేది. మేము నవ్వేవాళ్ళం."

నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిడితే దాచుకోవడానికి నాకొక మాట దొరికేది. కూతురు తిట్టలేదు.

"ఇప్పుడు రాస్తాను," అన్నాను.

"ఎవరికోసం?"

"నీకు ఎట్లా కావాలంటే అట్లా."

"మా అంగన్‌వాడీ పిల్లకాయలు ఈ ఏడు కూడా కల్లాల్లోనే ఉంటారు. చదవటానికి నేను పోతా. పుస్తకాలు రావాలంటే అమ్మ పేరు మీద ఆ మచ్చ పోవాల గదా. వాళ్ళ దగ్గర ఇంకా అట్టాగే రాసి ఉంది, నేను ఫోను చేసి అడిగా. తిన్నాక రాద్దురు గాని, ముందు భోజనం చేయండి." తనే విస్తరి వేసి అన్నం పెట్టింది. తినడం నాకు కష్టమైంది గానీ, వద్దనే హక్కు ఉందనిపించలేదు.

షామియానా విప్పుతుంటే ఒక ప్లాస్టిక్ బల్ల దగ్గర కూర్చున్నాం. ఆమె చెప్పింది, నేను రాశాను. మిరప కల్లం అని మొదలుపెట్టించింది. చేతుల ఘాటు, పేజీలు, కళ్ళు, కొబ్బరినూనె, సబ్బు, ఏదీ వదలనివ్వలేదు. చిన్నగా రాస్తే బాగుంటుందని ఒక్కసారి కూడా అనలేదు నేను. మొదటి ఫిర్యాదు ఎవరిదో, ఎందుకు రాశారో, సంజాయిషీలో క్షమాపణ ఎవరు పెట్టారో కూడా రాయించింది. ఆ వాక్యాల దగ్గర ఆమె చెప్పడం ఆపి, "ఇది మీరే చెప్పుకోండి," అంది. చెప్పుకుంటూ రాశాను. పుస్తకాలు మళ్ళీ పంపమని ఆఖర్న అడిగించింది.

కింద ఖాళీ మిగిలింది.

"పేరు రాయండి," అంది. "ఇంటిపేరుతో సహా."

రాశాను. అక్షరాలు ఒకదాని మీదొకటి గిలికేశాను. ఆమె కాగితం ఎత్తి చూసి మళ్ళీ నా ముందు పెట్టింది.

"ఇది ఎవరికీ అర్థం కాదండి. మళ్ళీ రాయండి."

మళ్ళీ రాశాను.